ఊరి పేరు లేని గడప

మార్గశిర బహుళ పంచమి, శుక్రవారం, పొద్దున ఆరుంబావు. పాత కడపలో రామసుబ్బమ్మ తన ఇంటి గడప కడిగి, తడి ఆరకముందే పసుపు రాస్తోంది. లోపల కోడలు నాగలత పొయ్యి మీద పాలు పెట్టింది. పక్కనున్న షెడ్డులో కొడుకు రాజశేఖర్ రాళ్లు కోసే మిషను కింద నిన్నటి బురద ఎత్తిపోస్తున్నాడు. అప్పుడు రామసుబ్బమ్మ మరిది ఓబుళేశు తెల్ల కారు దిగి వచ్చి, చెప్పులు విడిచి, గడపకు అవతల నిలబడ్డాడు.

“ఎంత మట్టుకుండాది అప్పా?” అని అడిగింది ఆమె తలెత్తకుండానే.

“నడుము కాడికి, వదినా. పోయిన దసరాకు ఎంతో ఇప్పుడూ అంతే.”

“తగ్గుతాదిలే అని ఊరికే వచ్చి నిలబడొద్దు మరి. రాయికి కాళ్లు పీకవు, నీకు పీకుతాయి.”

ఆ గడప రామసుబ్బమ్మకు నాలుగు వేళ్ల ఎత్తు. నాగలతకూ అంతే. పక్కింటి పిల్లలకు నేలతో సమానం, పరిగెత్తుకుంటూ వచ్చి పరిగెత్తుకుంటూ పోతారు. ఆ ఇంటికి అన్యాయం చేసిన వాడికి మాత్రం చేసినంత ఎత్తు లేస్తుంది. ఎవరి ఎత్తు వాళ్లకే. రాజశేఖర్‌కు సంబంధం తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్య, పిల్ల వయసు తగ్గించి చెప్పి లేచి పోబోతే గడప పిక్కల దాకా అడ్డమొచ్చింది. “అయ్యో, ఇరవై ఆరమ్మా, ఇరవై ఆరు” అని నిజం ఒప్పుకుని దాటిపోయాడు. ఆ పిల్లే నాగలత. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. కొత్తగా అద్దెకు దిగిన వాళ్లు అడిగితే, “వాళ్లు గడపలు చేసే వాళ్లు గదా” అని చెప్పి ఊరుకునేవాళ్లు.

తరతరాలుగా వాళ్లది రాతి గడపలు చేసే ఇల్లు. ఊరికి పేరు ఎట్లా వచ్చిందో ఆ ఇంట్లో ఒక కథ చెప్పుకుంటారు. ఏడుకొండల వాడి దగ్గరికి పోయే వాళ్లు ముందు దేవుని కడపలో ఆగి, ఆ స్వామి గడపకు మొక్కి, ఆ తర్వాతే కొండదారి పట్టాలన్నది పాత ఆనవాయితీ. కొండకు ఇదే గడప. పలికీ పలికీ కడప అయింది. గడపనే కన్నడ దేశం నుంచి వచ్చిన వాళ్లు హొసిలు అన్నారు. అరవం వాళ్లు వాసప్పడి అన్నారు. మరాఠీ వాళ్లు ఉంబరా అన్నారు. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా అందరూ కాలు ఆపింది ఒక్క చోటే. తర్వాత నవాబు తన పేరు కలిపి నేక్‌నామాబాద్ అన్నాడు. నేక్‌నామ్ అంటే మంచిపేరు అని సాయిబులు చెబుతారు. కృపాచార్యుడు నిలిచిన కృపాపురం ఇదేనని పురాణం చెప్పే వాళ్లూ ఉన్నారు. దొరలు వచ్చి, నోరు తిరక్క తమకు తోచిన అక్షరాలతో రాసుకుంటే, ఆ అక్షరాలే మన నల్లరాతికి పేరుగా అంటుకుని ఓడలెక్కి పోయాయి.

ఇన్ని పేర్లలో ఏది నిజమైనది మామా అని, కాపురానికి వచ్చిన కొత్తలో రామసుబ్బమ్మ అడిగింది. “అన్నిటికీ అర్థం ఒకటేనమ్మా. కాళ్లు కడుక్కొని లోపలికి రా అని” అన్నాడు ఆయన.

అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి. రాయిని కోసి, అంచు తీర్చి, నునుపు చేసేది మగవాళ్లు. రాయి అడుగున ఊరి పేరు చెక్కేది మాత్రం ఆ ఇంటి పెద్ద ఆడమనిషి. కొనేవాళ్లు ఏ భాష వాళ్లైతే ఆ భాషలో పేరు. ఆ పేరు మట్టికి ఆనుకుని ఉండాలి, కాలి కింద పడకూడదు. కొన్నవాళ్లు రాయిని తిప్పి చూడకూడదు, చూస్తే ఇంటికి అరిష్టం. అట్లా రామసుబ్బమ్మకు ఒకే ఒక్క మాట ఆరు లిపుల్లో చేతికి వచ్చు. ఊరి పేరు అడుగున ఉన్న గడప ఎవరికైనా నాలుగు వేళ్ల ఎత్తే ఉంటుంది, దొంగకైనా దొరకైనా. ఊరికి ఎవరి మీదా పగ ఉండదు గదా.

వాళ్ల ఇంటి గడప కింద మాత్రం ఊరి పేరు లేదు. దాన్ని చెక్కిన ముత్తవ్వ ఏ కడుపుమంటతోనో ఇంటి పేరు చెక్కింది. ఇంటికి పగలుంటాయి.

రామసుబ్బమ్మ భర్త వీరభద్ర, ఓబుళేశు అన్నదమ్ములు. ముద్దనూరు అవతల క్వారీ ఇద్దరిదీ. పన్నెండేళ్ల కిందట ఒక పొద్దున, పైకి లేపుతున్న రాయి గొలుసు తెగి వీరభద్ర మీద పడింది. మనిషి మిగల్లేదు. అడిగిన వాళ్లందరికీ, పోలీసులకూ, బంధువులకూ ఓబుళేశు ఒకే మాట చెప్పాడు. “మా అన్న తాగిండాడు. వద్దంటే వినకుండా రాయి కిందికి పోయినాడు.”

వీరభద్ర శనివారం ఒంటిపూట భోజనం చేసే మనిషి. తులసి తీర్థం తప్ప ఇంకోటి తాగి ఎరగడు. కానీ చచ్చిన వాడు వచ్చి చెప్పుకోలేడు. క్వారీకి తాళం పడలేదు, ఓబుళేశు మీదికి కేసు రాలేదు. వీరభద్ర తద్దినానికి భోక్తలుగా వచ్చే వాళ్లు కూడా ముఖం చాటేశారు. తాగుబోతు కొడుకని రాజశేఖర్‌ను బడిలో పిలిచారు. కర్మలు అయిన రోజు ఓబుళేశు వదినను ఓదార్చడానికి వచ్చి కాలెత్తాడు. గడప నడుము దాకా లేచింది. ఎందుకు లేచిందో రామసుబ్బమ్మకు అప్పుడు తెలియదు. కానీ గడప అబద్ధం చెప్పదని తెలుసు.

ఎందుకో తర్వాత ఏసన్న చెప్పాడు. ఏసన్న క్వారీలో గొలుసు పని చేసేవాడు. పోయిన ఏడు ఈస్టరు ముందు వారం వచ్చి గడప బయట నిలబడితే, అతనికి మోకాలి దాకా వచ్చింది.

“నేనేం చేసినా తల్లీ?” అని ఏడ్చాడు ఏసన్న. “చేసినా, చేసినా. చెప్పకపోవడమే చేసినా. ఆ పొద్దు గొలుసు కడియం అరిగిపోయిండాదని ఓబుళేశన్నకు చెప్పినా. ఈ ఒక్క రాయి లేపు, రేపు మార్పిస్తా అన్న్యాడు. వీరభద్రన్నకు ఆ సంగతే తెల్దు. నీళ్లు తప్ప ఏమీ తాగలా ఆయప్ప. నా పని పోతాదని నోరు మూసుకున్న్యా.”

అతను ఆ మాట ముగించేసరికి గడప నాలుగు వేళ్లకు దిగింది. రామసుబ్బమ్మ లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. తర్వాత దేవుడి గదిలోకి పోయి తలుపు వేసుకుని, చాలా సేపటికి బయటికొచ్చింది. ఏడ్చినట్టు లేదు. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఆ రోజు నుంచి ఇంకా చిన్నదయింది.

ఇప్పుడు ఆ ఓబుళేశు గడపకు అవతల చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఎర్రముక్కపల్లెలో ఇల్లు అయిపోవచ్చింది వదినా. మాఘంలో పాలు పొంగిస్తాం. మా పాప శిల్ప నిశ్చితార్థం కూడా ఆ ఇంట్లోనే. రాజంపేట వాళ్లు పెద్దింటోళ్లు.”

“సంతోషమప్పా.”

“గడప నువ్వియ్యల్ల. మన పెద్దింటి గడప లేని ఇంట్లో మనోళ్లు అన్నం తిని చెయ్యి కడగరు, నీకు తెల్దా? ఎవరెవరికో చేసిస్తాండావు, బెంగుళూరోళ్లకు, మదరాసోళ్లకు. సొంత మరిదికి ఇయ్యకపోతే ఊరు ఏమనుకుంటాది?”

“ఊరు అనుకునేది అనుకోనే అనుకున్న్యాదిలే ఒకసారి” అంది రామసుబ్బమ్మ. పసుపు చెయ్యి చెంబులో కడుక్కుంది. “ఇస్తాను. ఏ భాషలో చెక్కమంటావు?”

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని ఓబుళేశు అనుకోలేదు. మొహం విప్పారింది. “ఇంగ్లీషులో చెక్కు వదినా. కంపెనీ బోర్డు కూడా ఇంగ్లీషే గదా.”

“అట్లే. రాయి తిప్పి చూడొద్దు మరి.”

“ఛ, నాకు తెల్దా? నేనూ ఈ ఇంట్లో పుట్టినోణ్నే గదా” అని నవ్వి, కారెక్కి పోయాడు.

రాజశేఖర్ మంచి రాయి ఎంచాడు. మచ్చ లేని నల్లరాయి, తడిపితే కాటుక లాగ మెరుస్తుంది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు అతను. చిన్నాయన ఇంటికి ఇంత మంచి రాయి ఎందుకని అడిగితే, “పైన మంచిగుండల్ల” అంది తల్లి. పుష్యమాసం అంతా, రోజూ పొద్దున పూజ అయ్యాక, రామసుబ్బమ్మ షెడ్డులో కూర్చుని ఆ రాయి అడుగున చెక్కింది. అంత మెల్లగా ఎప్పుడూ చెక్కలేదు. చెక్కిన చోట వేలితో తడిమి, ఊది, మళ్లీ ఉలి పెట్టేది.

ఒకరోజు నాగలత కాఫీ తెచ్చి, అత్త భుజం మీదుగా చూసింది. గ్లాసు అక్కడే రాళ్ల మీద పెట్టేసింది.

“అత్తా, ఇది ఊరి పేరు గాదే.”

“గాదు.”

“మామ పేరు. అదీ తెలుగులో.”

“నువ్వు చదువుకున్న పిల్లవి, తప్పు లేకుండా చదివినావులే. భకారానికి ఒత్తు సరిగ్గా పడిందా?”

నాగలత కింద కూర్చుంది. “చిన్నమామ తన ఇంట్లోకి తానే పోలేడు అత్తా.”

“పోలేడు.”

“పాపం శిల్ప?”

“శిల్ప పోతాది. దాని తల్లి పోతాది. మన రామలక్ష్మమ్మకు ఏం తెలుసు, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరెవరు చెయ్యలేదో వాళ్లకందరికీ నాలుగు వేళ్లే.”

“ఇది మన పద్ధతి గాదు. నువ్వే గదా నాకు నేర్పినావు, అమ్మే గడపకు ఊరి పేరే చెక్కల్లని.”

“నేర్పినా.”

“దేవునికేం చెప్తావు?”

“చెప్పే చేస్తాండా. రోజూ దీపం పెట్టి అడుగుతాండా, చెయ్యనా వద్దా అని. వద్దనలా.”

“చెయ్యమనీ అనలేదేమో.”

“అందుకే ఉలి నా చేతిలో ఉండాది” అంది రామసుబ్బమ్మ. తర్వాత కొడుకును పిలిచింది. రాజశేఖర్ వచ్చి, రాయి అడుగు చూసి, తండ్రి పేరు మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. గోనెపట్ట తెచ్చి కప్పి, తాడుతో కట్టాడు.

పాలు పొంగించే ముందు రోజు గడప నిలబెట్టే పని ఏసన్నదే. క్వారీ మానేశాక అతను మేస్త్రీ పని చేస్తున్నాడు. మట్టి చదును చేసి, గోనె విప్పి, రాయిని వాల్చేటప్పుడు అడుగున ఉన్న అక్షరాలు చూశాడు. “ప్రభువా” అని ఒక్క మాట అని, మెల్లగా వాటిని మట్టి మీదికి దించాడు. మట్టం చూసి, చుట్టూ సిమెంటు పూసి, ఆ రోజుకు ఇంకే పనీ చెయ్యకుండా ఇంటికి పోయాడు.

మాఘ శుద్ధ దశమి పొద్దున ఎర్రముక్కపల్లెలో షామియానా వేశారు. బంధువులంతా వచ్చారు. రాజంపేట నుంచి పెళ్లికొడుకు తల్లీ తండ్రీ మేనమామ వచ్చి ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. రామసుబ్బమ్మ నేత చీర కట్టుకుని, కోడలితో, కొడుకుతో వచ్చి, ఇంటి ముందర ఒక పక్కన నిలబడింది.

ముందు ఆవును తోలారు. ఆవు గడప దాటి లోపలికి పోయి, హాలు మధ్యలో నిలబడి నలుదిక్కులా చూసింది. అందరూ సంతోషించారు. తర్వాత దీపం పట్టుకుని రామలక్ష్మమ్మ దాటింది. స్వామి పటం పట్టుకుని శిల్ప దాటింది. పంతులు మంత్రం చదువుతూ దాటాడు. “యజమాని కుడికాలు పెట్టి రావల్ల” అన్నాడు లోపల్నుంచి.

ఓబుళేశు పట్టుపంచె సర్దుకుని కుడికాలు ఎత్తాడు. వేళ్లు రాయికి తగిలాయి. ఇంకాస్త ఎత్తాడు. మోకాలు తగిలింది. కాలు దించి చూసుకున్నాడు. రాయి నడుము దాటింది, ఛాతీ దాకా వచ్చింది.

“ఏమప్పా, ఎంతుండాది నీకు?” అని అడిగాడు వెనక నిలబడిన ఒక ముసలాయన.

ఓబుళేశు ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు.

“అంతనా! నాకు బెత్తెడు గూడా లేదే. సొంతింటికే అంత లేసిందంటే శానా పెద్ద పనే చేసింటావు నాయనా.”

“సొంతిల్లయితే ఏం, రాయి పెద్దింటిది గదా” అంది ఒకామె.

ఇద్దరు మేనల్లుళ్లు వచ్చి ఓబుళేశును చెరో చంక కింద పట్టుకుని ఎత్తారు. వాళ్లు ఎత్తిన కొద్దీ రాయి ఎత్తయింది. దించేశారు. ఒకడు దొడ్డివాకిలి ఉంది గదా మామా అన్నాడు. లోపల్నుంచి పంతులు తల బయటపెట్టాడు. “దొడ్డిదావన యజమాని వస్తే దాన్ని గృహప్రవేశం అనరు నాయనా. ఇంకో పేరుండాది. ముహూర్తం దాటిపోతాంది, తొందరగా ఏదో ఒకటి తేల్చుకోండి.”

రామసుబ్బమ్మ కదిలింది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, నాలుగు వేళ్ల గడప దాటి లోపలికి పోయి, వాకిలికి ఎదురుగా పరిచిన చాప మీద కూర్చుంది. ఇప్పుడు ఆమె లోపల, అతను బయట. ఆ ఇంట్లో అయినా, ఈ ఇంట్లో అయినా.

ఓబుళేశుకు అర్థమయింది. “ఏం చెక్కినావు వదినా?”

“మీ అన్న పేరు.”

పొయ్యి మీది పాలు ఒక పక్క నుంచి నురగ కట్టడం మొదలయింది. రాజంపేట మేనమామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. శిల్ప స్వామి పటం పట్టుకునే వాకిలి దగ్గరికి వచ్చింది.

“నాయనా, పెదనాయనను ఏం చేసినావు?”

“ఏమీ చెయ్యలా పాపా. రాయిలో ఏదో దోషముండాది. ఇది తీసేయించి గ్రానైటు ఏపిస్తా.”

“తీసేయించప్పా” అంది రామసుబ్బమ్మ, ఎప్పటిలాగే చిన్న గొంతుతో. “పెద్దింటి గడప పెరికేసిన ఇంట్లో పిల్లను చేసుకునేదానికి వచ్చినోళ్లు కూచుంటారేమో అడుగు.”

మేనమామ భుజం మీది టవలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. లేచే మనిషి చేసే పని అది. ఓబుళేశు అది చూశాడు.

“అన్న తాగలేదు” అన్నాడు.

“గట్టిగా చెప్పప్పా. వెనకోళ్లకు వినపడలా.”

“అన్న తాగలేదు! గొలుసు అరిగిండాదని ఏసన్న నాకు చెప్పినాడు. ఒక్క రాయే గదా అనుకున్న్యా. అన్నకు చెప్పలా. కేసు నా మీదికి వస్తాదని తాగినాడని చెప్పినా.” మాటలు అయిపోయాక నోరు ఇంకా తెరుచుకునే ఉంది. “అన్న ఆ పొద్దు నాకు చద్దిమూట విప్పి సగం పెట్టినాడు.”

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. రామలక్ష్మమ్మ దీపం కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. రాజశేఖర్ షామియానా గుంజ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. వెనక వరసలో ఏసన్న తల వంచుకున్నాడు.

గడప దిగింది. ఛాతీ నుంచి నడుముకు, నడుము నుంచి తొడకు, మోకాలి దాకా దిగి, అక్కడ ఆగింది.

ఓబుళేశు చూస్తూ నిలబడ్డాడు. ఇంకా దిగుతుందని అందరూ చూశారు. దిగలేదు.

“చెప్పేసినా గదా వదినా. పేరయ్యకు దిగలేదా, ఏసన్నకు దిగలేదా?”

“వాళ్లకు ఇంటి గడప. ఇంటికి ఒప్పుకుంటే సాలు. ఇది నేను చెక్కింది” అంది రామసుబ్బమ్మ. “నువ్వు చెప్పినదానికి ఎంత దిగల్లో అంత దిగింది. ఆ మోకాలెత్తు నాది. ఉండనీ.”

“పొరపాటైంది. ఊరి పేరు చెక్కు వదినా, నీ కాళ్లకు మొక్కుతా. పక్కన యాడనో ఒక మూల చెక్కు.”

“ఊరి పేరు ఎవరికైనా చెక్కుతా. కన్నడమోళ్లకు, అరవోళ్లకు, సాయిబులకు, మాల మాదిగలకు, దొరలొచ్చినా చెక్కుతా. లోపలికి రా అని అర్థం దానికి. నీకు నేను రా అనను. నీ ఇల్లు, నువ్వే ఎక్కి రా.”

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఓబుళేశు రెండు చేతులతో తన కుడి తొడ పట్టుకుని ఎత్తి రాయి అవతల పెట్టాడు. గోడ పట్టుకుని, ఎడమకాలును ఈడ్చుకున్నాడు. పట్టుపంచె అంచు రాతికి పట్టి పర్రున చిరిగింది. అట్లా తన ఇంట్లోకి వచ్చాడు. రోజూ బయటికి పోయినప్పుడల్లా, ఇంటికి వచ్చినప్పుడల్లా అట్లాగే రావాలి. రాజంపేట వాళ్లు భోజనం చేసే పోయారు. శిల్ప సంబంధం గురించి ఏమనుకున్నారో, నిజం చెప్పాడు గదా అనుకున్నారో, తాంబూలాలు మాత్రం పుచ్చుకున్నారు. కారు ఎక్కేముందు పెళ్లికొడుకు తల్లి రామసుబ్బమ్మ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని, ఒకసారి గట్టిగా నొక్కి వెళ్లిపోయింది.

మరుసటి రోజు పొద్దున నాగలత తలుపు తీసేసరికి వీధిలో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామెది మంగంపేట. ముగ్గురాయి గనుల్లో పనిచేసి వచ్చిందేమో, చీర అంచున తెల్లదుమ్ము. ఒకామె పలమనేరు నుంచి రాత్రి బస్సుకు వచ్చానంది. మూడో ఆమె ఇదే ఊరు, రెండు వీధుల అవతల. మాస్కు తియ్యలేదు, పేరు చెప్పలేదు.

“గడప కావాలంట అత్తా” అంది నాగలత లోపలికి వచ్చి. “చిన్నమామకు ఇచ్చినట్టాంటిది. ఎవరి పేరు చెక్కల్లో వాళ్లే చెప్తారంట.”

రామసుబ్బమ్మ తలంటుకుని, దేవుడి ముందర దీపం కొండెక్కకుండా వత్తి సర్దుతోంది.

“ఇది మన ఆనవాయితీ గాదు గదా” అంది నాగలత మళ్లీ.

“మొన్నటి దాకా గాదు” అంది రామసుబ్బమ్మ. వాకిట్లోకి వచ్చి ఆ ముగ్గురినీ చూసింది. “బయట నిలబడినారేమమ్మా, ఎండెక్కుతాంది. లోపలికి రాండి. ఒక్కొక్కరే చెప్పండి, తొందర లేదు.”

నాగలత చాప తెచ్చి పరిచింది. ముగ్గురూ గడప దాటి వచ్చి కూర్చున్నారు. షెడ్డులో రాజశేఖర్ సానరాయి మీద నీళ్లు పోసి, చిన్న ఉలి తీసుకుని నూరడం మొదలుపెట్టాడు.